సముద్రపు ఎర్ర నాచుల్లో ఏది ఏది? చూస్తే సగం, ఉడికిస్తే సగం

మా ల్యాబ్‌కి ఎండు నాచు శాంపిల్ పంపేవాళ్లు చీటీ మీద రాసేది దాదాపు ఒకే మాట: “ఇది ఏ నాచో చూసి చెప్పండి.” చూసి చెప్పగలిగేది సగమే. మిగతా సగం ఆ నాచును ఉడికించి, చల్లార్చి, ఎలాంటి జెల్లీ గడ్డకడుతుందో చూస్తేగానీ తెలియదు. ఈ రెండు పనులూ ఎలా చేయాలో, ఎవరి అవసరానికి ఎంతవరకు చేస్తే చాలో ఇక్కడ రాస్తున్నాను. విశాఖలో వృక్షశాస్త్రం చదివే రోజుల్లో రాళ్ల మీద నాచు ఏరుకొచ్చి పేర్లు వెతుక్కునేదాన్ని. తర్వాత తమిళనాడులోని మండపం తీరంలో కొన్ని నెలలు నాచు తీసే ఆడవాళ్ల వెంట తిరిగాను. ఇప్పుడు ఆహార పదార్థాల్లో కలిపే జెల్లీ పొడులను పరీక్షించడం నా ఉద్యోగం.

మన వంటింట్లో ‘చైనా గ్రాస్’ అనేది అగర్. అది ఎర్ర నాచుల నుంచే వస్తుంది. ఐస్‌క్రీమ్‌లో, చాక్లెట్ పాలలో, టూత్‌పేస్ట్‌లో కలిపే క్యారజీనన్ కూడా ఎర్ర నాచుల నుంచే, కానీ వేరే రకాల నుంచి. ప్యాకెట్ వెనక 406 అని ఉంటే అగర్, 407 అని ఉంటే క్యారజీనన్. 407ఏ అంటే నాచును క్షారంలో ఉడికించి, కడిగి, పూర్తిగా శుద్ధి చేయకుండానే పొడి చేసిన రకం. వీటి గుణాలు వేరు, ధరలు వేరు. పెసర విత్తనం అని మినుములు అంటగడితే ఏ రైతైనా చూడగానే పట్టేస్తాడు. నాచు దగ్గర అలా పట్టుకోవడం కష్టం. అందుకే ఇంత చెప్పాల్సి వస్తోంది.

ముందు రంగును పక్కన పెట్టండి

ఎర్ర నాచు ఎర్రగానే ఉండాలని లేదు. దానికి ఎరుపునిచ్చేది ఫైకోఎరిత్రిన్ అనే ప్రోటీన్. అది నీళ్లలో కరిగిపోయే రకం, తీవ్రమైన ఎండకు తగ్గిపోతుంది. అప్పుడు లోపలి పత్రహరితం బయటపడి నాచు ఆకుపచ్చగానో, పసుపుగానో, గోధుమ రంగులోనో కనిపిస్తుంది. కప్పాఫైకస్ అనే క్యారజీనన్ నాచును సాగు చేసే తెప్ప మీద ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు రకాలు పక్కపక్కనే ఉంటాయి. అన్నీ ఒకే జాతి. వానకు తడిసి మళ్లీ ఎండిన నాచు తెల్లబడిపోతుంది. ‘ఐస్-ఐస్’ అనే జబ్బు వస్తే బతికున్న కొమ్మలు కూడా ముక్కలు ముక్కలుగా తెల్లబడతాయి. రంగు చూసి పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను. ఎండు సరుకు విషయంలో అస్సలు నమ్మను.

కాటొనీ, స్పైనోసం: డబ్బు పోయేది ఇక్కడే

క్యారజీనన్ వ్యాపారంలో ఎక్కువగా వినిపించే పేర్లు ఈ రెండే. ‘కాటొనీ’ అంటే కప్పాఫైకస్ అల్వరెజీ. ‘స్పైనోసం’ అంటే యూకీమా డెంటిక్యులేటం. ఒకప్పుడు రెండూ యూకీమా అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన మాక్స్‌వెల్ డోటీ 1985లో మొదటిదానికి యూకీమా అల్వరెజీ అని పేరు పెట్టాడు. ఫిలిప్పీన్స్‌లో ఈ నాచుల సాగు నిలదొక్కుకోవడం వెనక ఉన్నది కూడా ఆయనే. మూడేళ్ల తర్వాత, 1988లో, దాన్ని కప్పాఫైకస్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చాడు. కప్పా రకం క్యారజీనన్ ఇచ్చే నాచు అనే అర్థం ఆ పేరులోనే ఉంది. కప్పాది గట్టి జెల్లీ. స్పైనోసం ఇచ్చేది అయోటా రకం, దాని జెల్లీ మెత్తన. రూపం, రసాయనం రెండూ చూసి పేరు పెట్టాలనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది.

చిక్కు ఏమిటంటే వ్యాపారులు ఇప్పటికీ ‘కాటొనీ’ అనే అంటున్నారు. కప్పాఫైకస్ కాటొనీ అని మరో జాతి నిజంగానే ఉంది, అది వేరు. కాబట్టి బిల్లు మీద కాటొనీ అని కనిపిస్తే అది వ్యాపారపు పేరు అనుకోండి, శాస్త్రీయ నామం అనుకోవద్దు.

పచ్చి నాచు చేతిలో ఉంటే తేడా చెప్పడం తేలికే. కప్పాఫైకస్ కొమ్మలు లావుగా, గుండ్రంగా, నున్నగా ఉంటాయి. విరిస్తే కండ ఉన్న కాడలా తెగుతుంది. ముళ్లు ఉండవు. యూకీమా డెంటిక్యులేటం కొమ్మల మీద ముళ్లలాంటి పొట్టి మొనలు ఉంటాయి. అవి ఎక్కడపడితే అక్కడ కాకుండా, కణుపుల దగ్గర కొమ్మ చుట్టూ వలయాలుగా వస్తాయి. చేత్తో నిమిరినా తెలిసిపోతుంది.

ఎండిన తర్వాత అసలు ఇబ్బంది మొదలవుతుంది. ముళ్లు ముడుచుకుపోతాయి. బస్తాలో కుదించి తొక్కేసరికి చాలావరకు రాలిపోతాయి. రెండేళ్ల క్రితం ఒక వ్యాపారి దగ్గర కాటొనీ పేరుతో కొన్న నాలుగు బస్తాలు మా దగ్గరికి వచ్చాయి. కొన్న చిన్న యూనిట్‌వాళ్లు గట్టి జెల్లీ రావడం లేదని, తమ మరిగించే పద్ధతిలోనే తప్పుందేమోనని నెల రోజులు టెన్షన్ పడ్డారు. పైపైన చూసి నేను కూడా ముందు కప్పాఫైకస్ అనే అన్నాను. నానబెట్టి కోస్తే రెండు బస్తాల్లో స్పైనోసం బయటపడింది. వాళ్ల పద్ధతిలో ఏ తప్పూ లేదు. నెల రోజులు వాళ్లను వాళ్లే తిట్టుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నానబెట్టే సమయం పోను అరగంటలో అయ్యే పరీక్ష అది.

ఎలాగంటే, బస్తాలో పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తలా కొన్ని కొమ్మలు తీయండి. ఉప్పు నీళ్లలో గంట నాననిచ్చి, కొత్త బ్లేడుతో కొమ్మకు అడ్డంగా, వీలైనంత పలచగా కోయండి. వెలుతురుకు ఎదురుగా పట్టి భూతద్దంతో చూడండి. మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది. యూకీమా డెంటిక్యులేటంలో సరిగ్గా మధ్యన సన్నని దారాల్లాంటి కణాల కట్ట ఒకటి, పెన్సిల్‌లో ములుకులా, విడిగా కనిపిస్తుంది. కప్పాఫైకస్ అల్వరెజీలో అలాంటి ములుకు ఉండదు. పెద్ద కణాలు, వాటి మధ్య ఇరుక్కున్న చిన్న కణాలు దవ్వ అంతా పరుచుకుని ఉంటాయి. ముళ్లు రాలిపోయినా ఈ గుర్తు పోదు.

కప్పాఫైకస్ అల్వరెజీని కప్పాఫైకస్ స్ట్రయేటస్ నుంచి వేరు చేయమంటే మాత్రం పని కష్టమవుతుంది. స్ట్రయేటస్ పొట్టి కొమ్మలతో కాలీఫ్లవర్ పువ్వులా గుబురుగా పెరుగుతుంది అంటారు. కానీ అలలు, వెలుతురు, పశువు మేసినట్టు చేపలు కొరకడం, వీటన్నిటివల్ల రూపం మారిపోతుంది. రెండూ ఇచ్చేది కప్పా క్యారజీననే కాబట్టి జెల్లీ పరీక్షా తోడు రాదు. 2014లో మలేసియా నుంచి కప్పాఫైకస్ మలేసియానస్ అని ఇంకో జాతిని వర్ణించారు. అది అంతవరకు పొలాల్లో అల్వరెజీ మధ్యే, అదే పేరుతో పెరుగుతూ ఉండేది. ఇక్కడ డీఎన్‌ఏ తప్ప దారి లేదు. కొనేవాళ్లకు ఇంత అవసరం లేదు, విత్తన నాచు పంచే సంస్థలకు మాత్రం అవసరం.

రెండింటిలో ఏది పెంచాలి? కప్పాఫైకస్‌కు ధర ఎక్కువ, కానీ నీళ్లు వేడెక్కితే అది త్వరగా దెబ్బతింటుంది. జాంజిబార్‌లో ఈ సాగు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కాటొనీ పదేపదే చనిపోవడంతో వాళ్లు తక్కువ ధర పలికే స్పైనోసం మీదే ఆధారపడాల్సి వచ్చింది. తట్టుకునే శక్తి స్పైనోసంకి ఎక్కువ, రాబడి కాటొనీకి ఎక్కువ. మన దేశంలో సాగు అంటే దాదాపు కప్పాఫైకస్ అల్వరెజీనే. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దాన్ని 1984లో జపాన్ నుంచి తెచ్చి గుజరాత్‌లోని ఓఖా దగ్గర పెంచింది. ఆ తర్వాత అది మండపం చేరింది. రామనాథపురం జిల్లాలో దాన్ని ఇప్పటికీ ‘పెప్సీ పాసి’ అంటారు. తమిళంలో పాసి అంటే మన పాచి, నాచు. 2000 తర్వాత ఆ కంపెనీ ఒప్పంద సాగు చేయించడంతో వచ్చిన పేరు అది.

ఇది మన సముద్రానికి పరాయి జాతి. 2008లో మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీద ఇది పాకినట్టు పరిశోధకులు ప్రచురించారు. దీవుల దగ్గర మీకు తెలియని లావుపాటి నున్నని నాచు పగడాల మీద కనిపిస్తే, అది స్థానిక నాచా, తెప్ప నుంచి తెగిపడిన కప్పాఫైకసా అని గుర్తించడం కూడా ఈ పోలికలో భాగమే. సరుకు లెక్క కన్నా నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

గంజి పాచి, దవనం పాచి: అగర్ ఇచ్చేవి

మండపం దగ్గర ఆడవాళ్లు గ్రాసిలేరియా ఎడ్యులిస్‌ను ‘కంజి పాసి’ అంటారు. మన గంజే అది. ఉడికిస్తే గంజిలా చిక్కబడుతుంది. జెలిడియెల్లా ఎసిరోసాను ‘మరికొళుందు పాసి’ అంటారు. మరికొళుందు అంటే మన దవనం. ఒక్కసారి దవనం రెమ్మను గుర్తు తెచ్చుకుంటే ఆ నాచును మీరు ఇక మర్చిపోలేరు. గట్టి తీగలాంటి కాడ, విల్లులా వంగి ఉంటుంది. దానికి రెండు పక్కలా ఈకలా పొట్టి రెమ్మలు వస్తాయి. పొడవు సాధారణంగా జానెడు కన్నా తక్కువే. రాతికి అంటుకుని ఉంటుంది, లాగితే తీగను లాగినట్టు గట్టిగా వస్తుంది. గ్రాసిలేరియా ఎడ్యులిస్ దీనికి పూర్తిగా భిన్నం. మెత్తగా, కండగా, గుండ్రటి కొమ్మలు మళ్లీ మళ్లీ చీలుతూ గుబురుగా ఉంటుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం కష్టం. చీకట్లో తడిమినా తేడా తెలుస్తుంది.

ఇబ్బంది గ్రాసిలేరియాలో గ్రాసిలేరియాతోనే. సాలికార్నియా జాతి కొమ్మలు గొలుసు కట్టినట్టు ఉంటాయి. ఒక్కో ముక్క కింద సన్నగా, పైన లావుగా ఉండి, దాని నెత్తి మీద ఇంకో ముక్క మొలుస్తుంది. వంచితే ఆ కణుపు దగ్గరే టక్కున విరుగుతుంది. ఎడ్యులిస్‌లో అలా నొక్కినట్టు కణుపులు ఉండవు. విశాఖ రాళ్ల మీద బాగా దొరికే కార్టికేటా జాతి అసలు గుండ్రంగానే ఉండదు. రిబ్బన్‌లా చదునుగా, తోలులా బిరుసుగా, రెండు రెండుగా చీలుతూ పోతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఇది కూడా గ్రాసిలేరియానేనా అని ఆశ్చర్యపోతారు.

పాత పుస్తకాల్లో గ్రాసిలేరియా వెర్రుకోసా అనే పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. చిలికా సరస్సు నాచుకు కూడా ఆ పేరే రాశారు. సన్నగా, గుండ్రంగా, పొడవుగా ఉన్న ప్రతి గ్రాసిలేరియాకీ ఆ పేరు అంటించేసిన కాలం ఒకటి ఉంది. ఐరోపాలో ఆ పేరు మోసిన అసలు మొక్క ఇప్పుడు గ్రాసిలేరియాప్సిస్ లాంగిసిమా అయింది. పైకి చూస్తే గ్రాసిలేరియాకూ గ్రాసిలేరియాప్సిస్‌కూ తేడా దొరకదు. ఆడ మొక్క మీద బొడిపెల్లా లేచే కాయలను నిలువుగా కోసి చూడాలి. లోపలి కణాల ముద్ద నుంచి కాయ గోడలోకి గొట్టాల్లాంటి పోషక కణాలు వెళ్తుంటే గ్రాసిలేరియా, అవి లేకపోతే గ్రాసిలేరియాప్సిస్. కాయలు లేని కొమ్మ దొరికితే జాతి పేరు రాయకుండా ఆగడమే మంచిది. నా ఎంఎస్సీ రికార్డులో ఇలా తొందరపడి రాసిన పేర్లు తర్వాత నేనే కొట్టేశాను.

జెలిడియెల్లాను దాని దగ్గరి చుట్టం జెలిడియంతో పోల్చేటప్పుడు కూడా అడ్డుకోతే దిక్కు. జెలిడియంలో గోడలు మందంగా, మెరుస్తూ ఉండే సన్నని దారాలు కణాల మధ్య గుంపులుగా కనిపిస్తాయి. జెలిడియెల్లాలో అవి ఉండవు.

ఇక ముళ్లముళ్లగా ఉండి ఒకదానితో ఒకటి కలిసిపోయేవి హిప్నియా, అకాంథోఫోరా. హిప్నియా మస్కిఫార్మిస్ కొమ్మల చివర్లు కొక్కెంలా వంగి, పక్కనున్న నాచును చుట్టుకుని ఉంటాయి. ఆ కొక్కెం ఒక్కటి కనిపిస్తే చాలు. హిప్నియా వాలెన్షియేకు కొక్కేలు ఉండవు, నక్షత్రాల్లాంటి పొట్టి ముళ్ల రెమ్మలు ఉంటాయి. అకాంథోఫోరా కాడ ఇంకా బిరుసు, ముళ్లు పొట్టి రెమ్మల మీద మెలి తిరుగుతూ వస్తాయి. మైక్రోస్కోప్ ఉన్నవాళ్లకు ఇంకో మంచి గుర్తు ఉంది. నాలుగు సిద్ధబీజాలు (స్పోర్లు) ఉండే సంచిని చూడండి. హిప్నియాలో అవి ఇడ్లీలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వరసగా ఉంటాయి. గ్రాసిలేరియాలో కూడిక గుర్తులా అడ్డంగా నిలువుగా విడిపోతాయి. అకాంథోఫోరాలో మూడు పక్కపక్కన కనిపించి, నాలుగోది వెనక దాక్కున్నట్టు ఉంటుంది. హిప్నియా ఇచ్చేది కప్పా క్యారజీనన్, గ్రాసిలేరియా ఇచ్చేది అగర్. సన్నటి హిప్నియా గ్రాసిలేరియా బస్తాలో కలిస్తే అగర్ నాణ్యత పడిపోతుంది. నాచు ఏరేటప్పుడే వేరు చేస్తే పోతుంది, ఎండాక అది పెద్ద పని.

ఉడికించి తెలుసుకోవడం

అగర్, క్యారజీనన్ రెండూ గెలాక్టోజ్ అనే చక్కెరను గొలుసులా కూర్చిన పదార్థాలే. గొలుసులో ఒకటి విడిచి ఒకటి వచ్చే చక్కెర అగర్‌లో ఎడమచేతి రూపంలో ఉంటుంది, క్యారజీనన్‌లో కుడిచేతి రూపంలో. కుడి, ఎడమ చెప్పుల్లా ఒకే ఆకారం, కానీ ఒకటి ఇంకోదాని బదులు పట్టదు. రెండో తేడా సల్ఫేట్. అగర్‌లో అది చాలా తక్కువ. కప్పా క్యారజీనన్‌లో ప్రతి రెండు చక్కెరలకు ఒకటి, అయోటాలో రెండు, లాంబ్డాలో దాదాపు మూడు. సల్ఫేట్ పెరిగేకొద్దీ జెల్లీ మెత్తబడుతుంది. లాంబ్డా అసలు గడ్డకట్టదు, నీళ్లను చిక్కబరుస్తుంది అంతే.

ఈ తేడాలన్నీ మీ స్టవ్ మీదే బయటపడతాయి. 10 గ్రాముల ఎండు నాచును మంచినీళ్లలో మూడుసార్లు కడగండి. కడగడం మానొద్దు. ఎండు కప్పాఫైకస్ మీద తెల్లగా పేరుకునే ఉప్పులో ఎక్కువ భాగం పొటాషియం క్లోరైడ్. పొలంలో వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా ఇదే లవణం. అది మిగిలిపోతే జెల్లీ స్వభావమే మారి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. కడిగాక అరగంట నానబెట్టి, అర లీటరు నీళ్లలో గంటకు పైగా సన్నని సెగ మీద ఉడికించండి. జెలిడియెల్లా అంత తేలిగ్గా కరగదు, దానికి ప్రెషర్ కుక్కర్ కావాలి. వేడిగా ఉండగానే గుడ్డలో వడకట్టి గిన్నెలో చల్లారనివ్వండి.

గడ్డకట్టాక ఒక ముక్క కోసి 70 డిగ్రీల వేడి నీళ్లలో వేయండి. అగర్ జెల్లీకి ఒక ప్రత్యేక గుణం ఉంది. అది గడ్డకట్టేది 40 డిగ్రీల దగ్గర, మళ్లీ కరిగేది 85 దాటాక. అందుకే 70 డిగ్రీల్లో ముక్క చెక్కుచెదరదు. క్యారజీనన్ జెల్లీ గడ్డకట్టిన వేడి కన్నా కొద్దిగా పైకి వెళ్లగానే కరగడం మొదలవుతుంది. అగరా, క్యారజీననా అన్న ప్రశ్నకు నేను ముందుగా చేసేది ఈ పరీక్షే.

క్యారజీనన్ అని తేలితే కప్పానా, అయోటానా అన్నది చేతికే తెలుస్తుంది. కప్పా జెల్లీ గట్టిగా, పెళుసుగా ఉంటుంది. నొక్కితే పగులుతుంది, కాసేపటికి పక్కన నీరు ఊరుతుంది. అయోటా జెల్లీ సాగుతుంది, నొక్కి వదిలితే వెనక్కి వస్తుంది, నీరు వదలదు. చెంచాతో కలియబెట్టి వదిలేస్తే మళ్లీ గడ్డకడుతుంది. కప్పాను అలా విరగ్గొడితే వేడి చేసేదాకా అతకదు. శుద్ధి చేసిన పొడి కొంటున్నవాళ్లు ఆహార ప్రమాణాల్లో ఉన్న పరీక్షనే చేసుకోవచ్చు. 4 గ్రాముల పొడిని 200 మిల్లీలీటర్ల నీళ్లలో 80 డిగ్రీల దగ్గర కరిగించి చల్లార్చాలి. అందులోంచి 50 మిల్లీలీటర్లు తీసుకుని, 200 మిల్లీగ్రాముల పొటాషియం క్లోరైడ్ కలిపి, మళ్లీ వేడి చేసి చల్లార్చాలి. పెళుసు జెల్లీ వస్తే ఎక్కువ భాగం కప్పా, సాగే జెల్లీ వస్తే అయోటా, గడ్డకట్టకపోతే లాంబ్డా. పొటాష్ ఎరువును దీనికి వాడకండి, ల్యాబ్ సరుకే తీసుకోండి.

అయోడిన్ పరీక్ష గురించి చాలామంది అడుగుతారు. శుద్ధమైన అగర్ ద్రావణంలో అయోడిన్ చుక్క వేస్తే కుంకుమ ఎరుపు నుంచి ఊదా దాకా రంగు వస్తుంది. కానీ ఇంట్లో ఉడికించి వడకట్టిన నీళ్లలో ఎర్ర నాచుల సొంత పిండిపదార్థం కూడా ఉంటుంది. దానికీ అయోడిన్‌తో ఎరుపు, గోధుమ కలిసిన రంగు వస్తుంది. క్యారజీనన్ నాచును అగర్ అనుకునే ప్రమాదం ఉంది. పొడికి సరే, వడకట్టిన నీళ్లకు వద్దు.

పదార్థం పరారుణ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో గీత గీసి చూపేది ఎఫ్‌టీఐఆర్ యంత్రం. కాలేజీలోనో, దగ్గరి ల్యాబ్‌లోనో అది ఉంటే చిటికెడు పొడి చాలు, కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ గీత కింద ఉండే సంఖ్యలు గుర్తుంచుకోండి. 1240 నుంచి 1260 మధ్య పెద్ద శిఖరం ఉంటే సల్ఫేట్ బాగా ఉన్నట్టు. 930 దగ్గర ఉంటే జెల్లీని గడ్డకట్టించే ఆన్‌హైడ్రో చక్కెర ఉన్నట్టు. 845 దగ్గర వస్తే కప్పా లేదా అయోటా. దాంతోపాటు 805 దగ్గర కూడా స్పష్టంగా ఉంటే అయోటా. 890 దగ్గర శిఖరం ఉండి 1250 దగ్గర చిన్నదిగా ఉంటే అగర్. డబ్బు పెట్టి చేయించే పరీక్షల్లో ముందు ఇదే చేయించమని నేను చెబుతాను.

రసాయనం కూడా మోసం చేసే చోట్లు

ఐర్లండ్, కెనడా తీరాల్లో కాండ్రస్ క్రిస్పస్ అనే ఎర్ర నాచు ఉంది. దాని జీవితంలో రెండు దశలు ఉంటాయి. రెండు దశల మొక్కలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ గామీట్లు (ఆడ, మగ బీజకణాలు) ఇచ్చే దశలో కప్పా రకం క్యారజీనన్, సిద్ధబీజాలు ఇచ్చే దశలో లాంబ్డా రకం. ఒకే జాతి, ఒకే రాయి, ఒకే రూపం, కానీ ఒకటి గడ్డకడుతుంది, ఒకటి కట్టదు. రిసార్సినాల్ అనే రసాయనంతో చేసే పరీక్షలో ఎర్రబడితే మొదటి దశ అని అక్కడి పరిశోధకులు వేరు చేస్తారు. జెల్లీ వేరుగా వచ్చింది కాబట్టి జాతి వేరు అని వెంటనే తీర్మానించకూడదు.

వండే పద్ధతి వల్ల కూడా తేడా వస్తుంది. గ్రాసిలేరియాను నేరుగా ఉడికిస్తే జెల్లీ మెత్తగా వస్తుంది. కాస్టిక్ సోడా ద్రావణంలో ముందు వేడి చేసి, బాగా కడిగి ఉడికిస్తే చక్కెర అణువులో ఆరో స్థానంలోని సల్ఫేట్ ఊడిపోయి ఆన్‌హైడ్రో చక్కెర ఏర్పడుతుంది, జెల్లీ ఎంతో గట్టిపడుతుంది. ఇద్దరు ఒకే నాచు గురించి వేర్వేరు ఫలితాలు చెబితే ముందు అడగాల్సింది క్షారం వాడారా లేదా అని. అయితే గడ్డకట్టే వేడి కొంతవరకు నిజం చెబుతుంది. జెలిడియం అగర్ సుమారు 35 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గ్రాసిలేరియా అగర్‌లో మీథాక్సిల్ గుంపులు ఎక్కువగా ఉండటంతో 40 దగ్గరే కట్టేస్తుంది. సూక్ష్మజీవులను పెంచే ల్యాబ్‌లు జెలిడియం రకాన్ని ఇష్టపడటానికి ఇదొక కారణం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టిన సంగతి గువామ్ దీవిది. 1991లో అక్కడ గ్రాసిలేరియా సుడే అనే నాచు తిని 13 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. అంతకుముందు అక్కడివాళ్లు తింటూ వచ్చిన నాచే అది. ఆ నాచులో పాలీకావెర్నోసైడ్ అనే విషాన్ని కనుక్కున్నారు. పేరు సరిగ్గా గుర్తించడం, తినడానికి పనికొస్తుందని తేల్చడం ఒకటి కాదు. తీరంలో ఏరిన నాచును పచ్చడి చేసుకునే ఆలోచన ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే. సముద్రపు నాచు తినాలనిపిస్తే ఆహారంగా అమ్మేదే కొనండి.

మీకు ఎంతవరకు అవసరం?

ఎండు నాచు కొనేవాళ్లయితే పేరు కోసం తలబద్దలు కొట్టుకోవద్దు. బస్తా మూడు చోట్ల నుంచి తీసి ఉడికించి చూడండి. మీకు కావలసింది జెల్లీ, పేరు కాదు. పెద్ద మొత్తం అయితే ఎఫ్‌టీఐఆర్ కూడా చేయించండి. ధర మాట్లాడేటప్పుడు బిల్లులో ‘కప్పా’ లేదా ‘అయోటా’ అని రాయించుకోండి. కాటొనీ అన్న మాట మీద గొడవ పడితే తేలదు.

సాగు మొదలుపెట్టేవాళ్లు జెల్లీ పరీక్షతో ఆగకూడదు. 12 అడుగుల వెదురు తెప్పకు 60 కిలోల విత్తన నాచు కడతారు, పంటకు 45 రోజులు పడుతుంది. తప్పు విత్తనం అయితే ఆ 45 రోజులూ, ఆ కూలీ అంతా వృథా. పచ్చి కొమ్మను కోసి మధ్య ములుకు ఉందో లేదో చూసుకుని కట్టండి. మన ఆంధ్ర తీరంలో ఇంకో సంగతి ఆలోచించాలి. గోదావరి, కృష్ణ ముఖద్వారాల దగ్గర వరదల కాలంలో నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. కప్పాఫైకస్ దాన్ని ఓర్చుకోదు. గ్రాసిలేరియాల్లో చిలికా లాంటి ఉప్పు తగ్గే నీళ్లలోనూ బతికేవి ఉన్నాయి. నదికి దగ్గర్లో ఉన్నవాళ్లు నన్ను అడిగితే స్థానిక గ్రాసిలేరియా వైపే చూడమంటాను. పగడాలు, దీవులు ఉన్న చోట అయితే పరాయి జాతి జోలికే వెళ్లొద్దని చెబుతాను. జెలిడియెల్లా అగర్ మంచిదే, కానీ అది నిదానంగా పెరుగుతుంది, రాళ్ల నుంచి పీకితే తిరిగి రావడానికి సమయం పడుతుంది. దాన్ని సాగు పంటగా నేను సిఫారసు చేయను.

థీసిస్ రాసేవాళ్లకు రూపం, అడ్డుకోత, కాయలు, సిద్ధబీజాలు, రసాయనం, డీఎన్‌ఏ అన్నీ కావాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పి ఆపుతాను. నాచు దొరికిన రోజే దాన్ని మూడు భాగాలు చేయండి. ఒక భాగం కాగితం మీద పరిచి, అద్దుడు కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టండి, తేదీ, రాయి ఉన్న చోటు, పోటా పాటా అన్నది పెన్సిల్‌తో రాయండి. ఇంకు అయితే తడికి చెరిగిపోతుంది. రెండోది జెల్లీ పరీక్షకు నీడలో ఎండబెట్టి సంచిలో వేయండి. మూడోది, చిన్న చివరి కొమ్మ, వెంటనే సిలికా జెల్ గుళికల మధ్య పెట్టండి. ఫార్మలిన్‌లో వేసిన ముక్క నుంచి డీఎన్‌ఏ తీయడం దాదాపు అసాధ్యం. మందుల డబ్బాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ చిన్న పొట్లాలను పారేయకుండా దాచి, ఓవెన్‌లో ఆరబెట్టి వాడినా సరిపోతుంది.